ఇంటి ముచ్చట్లు: ఒకే గడపలో రెండు కుక్కలు

యీ నెల ముచ్చట చూసి కొందరు నవ్వుకోవచ్చు. పిల్లల చదువులు, ఆడపిల్లల పెళ్ళిళ్ళు, చింతపండు ధర, యిన్ని వుండగా కుక్కల తగవులు వ్రాయడానికి కూర్చున్నాడేమిటని. నవ్వితే నవ్వండి. గాని పోయిన వేసవిలో మా యింట్లో పదకొండు రోజులపాటు ఎవరమూ తిన్నగా అన్నం తినలేదంటే అందుకు కారణం పెళ్ళీ కాదు, చింతపండూ కాదు, రెండు కుక్కలు. మా ఆవిడ కుడిచేతికి కట్టు కట్టించుకొని వచ్చి, "ఆ నల్లదన్నా వుండాల, నేనన్నా వుండాల" అని గడపలో కూర్చున్నది. ఆ మాటకు ఏమి జవాబు చెప్పాలో తెలియక నేను పడిన అవస్థే యీ ముచ్చట.

మన వైపు ఒక్క కుక్కతో సరిపెట్టుకొనే యిళ్ళు తక్కువ. పేర్ణాంబట్టు దాటి వి.కోట ఘాటు రోడ్డు పట్టుకొని పోతే అడవి. దానికి అవతల చిత్తూరు జిల్లా కౌండిన్య అభయారణ్యం. ఏనుగుకు రాష్ట్రాల సరిహద్దు తెలియదు, చిరుతకు అసలే తెలియదు. వేరుశనగ కాయ గట్టిపడే వేళకు అడవిపందులు సరేసరి. అంచేత చేనున్నవాడు మూడు నాలుగు కుక్కలను సాకుతాడు. చేను లేని నాబోటి గుమాస్తా యింటికి అవే వచ్చి చేరుతవి. తోళ్ళ కార్ఖానాల వూరు కదా. పచ్చితోళ్ళ వాసన పట్టుకొని వీధికొక దండు తిరుగుతూ వుంటుంది.

జాతి అడిగేవారికి ఒక మాట. రాజపాళయంలో మన తెలుగు రాజుల యిళ్ళలో పెరిగిన తెల్లకుక్క పేరు దేశమంతా యెరుగును. 2005 జనవరిలో తపాలా శాఖవారు నాలుగు దేశీ జాతుల కుక్కలకు బిళ్ళలు వేసినప్పుడు హిమాలయ గొర్రెలకుక్క, రాంపూరు, ముధోల్ వేటకుక్కల సరసన అదీ కూర్చున్నది. ఆ బిళ్ళ నా దగ్గర వున్నది గాని అటువంటి కుక్క లేదు. మావి మూడూ వీధి సంతానమే. పెద్దది రోజీ, ఎనిమిదేళ్ళు దాటిన ఎర్ర ఆడకుక్క. రెండోది మణి, మగది. ఎవరి జోలికీ పోదు, అన్నం వేళకు మాత్రం గడియారం. మూడోది కరుప్పి. రెండేళ్ళ కిందట వానల్లో మా అబ్బాయి చొక్కాలో పెట్టుకొని తెచ్చిన నల్ల ఆడపిల్ల. రోజీయే దాన్ని నాకి, కడుపు దగ్గర పడుకోబెట్టుకొని పెంచింది. చూసినవారు తల్లీకూతుళ్ళు అనుకొనేవారు.

ఏడాదిన్నర దాకా ఆ ముచ్చట సాగింది. తరువాత గుర్రుమనడాలు మొదలు. కుక్కపిల్లకు ఏడాదిన్నర, రెండేళ్ళ వయసులో యెదిగిన బుద్ధి వస్తుందనీ, చిన్నతనాన చెల్లిన చనువు అప్పుడు చెల్లదనీ తరువాత పశువైద్యుడు చెప్పగా తెలుసుకొన్నాను. అమెరికాలో టఫ్ట్స్ విశ్వవిద్యాలయపు పశువైద్యులు ఒకే యింట్లో కొట్లాడుకొనే 38 జంటల కుక్కలను పరిశీలించి 2011లో ప్రకటించారు. వాటిలో 30 జంటలు మగకు మగ, ఆడకు ఆడ. తగవు ముందుగా రేపేది చాలా వరకు యింటికి తరువాత వచ్చినది, వయసులో చిన్నది. మా యింటి సంగతి వాళ్ళకెవరు వ్రాశారా అనిపించింది నాకు!

సరే, ఆనాటి సంగతి. కత్తిరి ఎండలు. సాయంత్రం ఆరున్నర. మా అబ్బాయి మోటారు సైకిలు వీధి మలుపు తిరిగిన చప్పుడుకు మూడు కుక్కలూ గేటు దగ్గరకు పరుగెత్తినవి. సరిగా అప్పుడే గేటు అవతల ఒక వీధికుక్క నిలబడింది. లోపలివాటికి అది అందదు. అరిచి అరిచి, అందనిదాని మీది కోపంతో కరుప్పి పక్కకు తిరిగి రోజీ మెడ పట్టింది. నేను వసారాలో పత్రిక మడిచి లేచేలోగా మా ఆవిడ చేతిలోని చేట పడేసి, "విడవే, విడువు" అంటూ రోజీ మెడపట్టీలోకి చెయ్యి దూర్చింది.

కరిచింది కరుప్పి కాదు. ఎనిమిదేళ్ళు ఆమె చేతి ముద్ద తిన్న రోజీ.

యిది జరిగినప్పటి నుంచి ఎందరికో చెప్పాను, యిక్కడా వ్రాస్తున్నాను: కొట్లాడుకొనే కుక్కల నడుమకు చెయ్యి పోనివ్వకూడదు. మెడపట్టీ దగ్గరకు అసలే పోనివ్వకూడదు. పళ్ళు వుండేది అక్కడే. ఆ క్షణాన కుక్కకు తన మెడ మీద పడినది అమ్మ చెయ్యా, పగదాని పన్నా అని చూచుకొనే తీరిక వుండదు. ఆ తరువాత రోజీ మూడు రోజులు మంచం కింద నుంచి రాలేదు. సిగ్గుపడిందని మా ఆవిడ అంటుంది. మెడనొప్పి అని నేనంటాను.

పక్కింటి అవ్వ పరుగున సున్నం, పసుపు పట్టుకొని వచ్చింది. ఆమె మంచితనానికి దండం పెట్టి, పూయనివ్వలేదు. కుళాయి కింద సబ్బుతో పావుగంట కడిగించాను. నెత్తురు వచ్చిన గాటు గనక ఆ రాత్రే ఆసుపత్రికి పోయాం. గాటు చుట్టూ ఒక మందు ఎక్కించి, చేతికి సూది వేశారు. మళ్ళీ మూడోనాడు, ఏడోనాడు, యిరవై ఎనిమిదోనాడు రమ్మన్నారు. మన కుక్కకు ఏటేటా టీకా వేయిస్తున్నాం గదా అని మా అబ్బాయి అంటే, "అది మంచిదే, యిదీ వేయించుకో" అన్నారు. కుక్కను పది రోజులు కనిపెట్టి చూడమని కూడా చెప్పారు. మా చిన్నతనంలో బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులంటే వూరంతా వణికేది. అది గొర్రె మెదడుతో చేసిన పాతకాలపు మందు. 2005 నాటికే మన దేశంలో నిలిపివేశారు. అయినా ఆ భయంతో యింకా కొందరు ఆసుపత్రికి పోకుండా మంత్రం వేయించుకొంటున్నారు. కుక్కపిచ్చి ముదిరిందంటే మనిషి దక్కడు. సూదులు నాలుగు, చెయ్యి చివుక్కుమంటుంది, అంతే.

మరి చెయ్యి పెట్టకుండా ఎట్లా విడదీయాలి? తరువాత రెండు మార్లు మాకే ఆ పని పడింది గనక చెప్పగలను. కేకలు వేయడం దండగ. మన కేకలను అవి ప్రోత్సాహంగా తీసుకొంటవి. కర్రతో కొడితే యెదుటిది కొరికిందనుకొని యింకా గట్టిగా పడుతుంది. ముందు చప్పుడు: యినుప బకెట్టును గచ్చు మీద దభీమని పడవేయడం, రెండు పళ్ళేలు కొట్టడం. అప్పుడే మొదలైన తగవైతే దీనికే విడిపోతవి. లేకుంటే ముఖాల మీద నీళ్ళు. దానికీ విడవకుంటే దుప్పటి గాని గోనెపట్ట గాని రెంటి తలల మీదా వేయడం. కనబడకపోతే పట్టు కొంత సడలుతుంది. నడుమకు ఒక పలకో, కుర్చీయో, తడికో తోయగలిగితే యింకా మేలు.

పళ్ళు దిగి పట్టు బిగిసినప్పుడు మాత్రం యివేవీ చాలవు. అప్పుడు యిద్దరు మనుషులు కావాలి. చెరొక కుక్క వెనక్కు పోయి, వెనకకాళ్ళు రెండూ తొడల దగ్గర పట్టి, ఒంటిచక్రపు తోపుడుబండి ఎత్తినట్లు ఎత్తాలి. పళ్ళు దిగివుండగా లాగితే మాంసం చీలుతుంది. కనుక ఎత్తి పట్టుకొని, విడిచిన మరుక్షణం వెనక్కు నడవాలి. తిన్నగా కాదు, వంపు తిరుగుతూ. ముందుకాళ్ళు సర్దుకోవడంతోనే దానికి సరిపోతుంది, మన మీదికి తిరగలేదు. మనిషి ఒక్కడే వుంటే ఒకదాని నడుముకు తాడు వుచ్చు వేసి స్తంభానికి కట్టి, రెండోదాని కాళ్ళు పట్టుకోవాలి. విడిన తరువాత రెంటినీ వేరువేరు గదుల్లో పెట్టి తలుపు వేసి, అప్పుడు కూర్చుని మంచినీళ్ళు తాగవచ్చు. బొచ్చు కింద చేత్తో తడిమి చూడాలి. పంటిగాటు పైకి ఆవగింజంత కనిపిస్తుంది, లోపల బొటనవేలంత చీము పడుతుంది. రోజీకి అట్లాగే అయింది. పశువైద్యుడు చీము తీసి కడిగాడు. మనం తినే నొప్పిబిళ్ళలు వాటికి వేయకూడదని అప్పుడే చెప్పాడు. కొన్ని బిళ్ళలు కుక్కకు విషమేనట.

యిక అసలు సంగతి. మా వీధిలో ఒక పెద్దాయన వున్నారు. నాకు పెద్దనాన్న వరస. ఆయన వచ్చి, "ఏందిరా అబ్బయ్యా, ఆటికి పెద్దరికం తేలద్దా? ఒక దినం తలుపు మూసి కొట్టుకోనీ. గెలిచింది ఏలుతుంది, వోడింది అణిగుంటుంది" అన్నారు. చాలామంది అనుకొనేదే యిది. తోడేళ్ళ గుంపుకు ఒక దొర వుంటుందనీ, కుక్క తోడేలు సంతతి గనక యింట్లోనూ అంతేననీ ఒక సిద్ధాంతం. దాని పుట్టుక చూస్తే విచిత్రంగా వుంటుంది. రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన స్విట్జర్లండు దేశంలో బాసెల్ జంతుప్రదర్శనశాల తోడేళ్ళను చూసి 1947లో వ్రాశాడు. అవి బోనులో చేర్చి పెట్టినవి, తప్పించుకొని పోవడానికి చోటు లేనివి. డేవిడ్ మెక్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 1970లో తన పుస్తకంలో ఆ మాటనే దేశదేశాలకూ ఎక్కించాడు. తరువాత అడవిలో ఏళ్ళ తరబడి తోడేళ్ళ వెంట తిరిగి, 1999లో ఆయనే దిద్దుకొన్నాడు: అడవిలో గుంపు అంటే తల్లీ తండ్రీ పిల్లలూ, సంసారమే గాని సింహాసనం కాదని. సత్రంలో చోటుకోసం తోసుకొనేవారిని చూసి సంసారమంటే యిదీ అని వ్రాసినట్లున్నది మొదటి సిద్ధాంతం.

పెద్దాయనతో యిదంతా అనలేదు. "అట్లే పెద్దనాయనా" అని కాఫీ యిచ్చి పంపాను. తలుపు మూసి కొట్టుకోనిస్తే తేలేది పెద్దరికం కాదు, పగ. ఒకసారి గట్టిగా కొట్లాడుకొన్నవి రెండోసారికి యింకా త్వరగా అంటుకొంటవి. ఎనిమిదేళ్ళది ఆ యుద్ధంలో బ్రతికి బయటపడుతుందని నమ్మకమూ లేదు.

మొదటి పదకొండు రోజులు రెంటినీ ఒకదానికొకటి కనబడనివ్వలేదు. తరువాత మనిషి పక్కన వుండగా, మెడకు తాడు వేసి, పగటిపూట కొంచెంసేపు వదిలేవాళ్ళం. అప్పుడు నా గుమాస్తా బుద్ధి అక్కరకు వచ్చింది. పాత లెడ్జరు తీసి గడులు గీశాను: తేదీ, వేళ, చోటు, యింట్లో ఎవరున్నారు, అంతకు ముందు ఏమి జరిగింది. పోట్లాటే కానక్కరలేదు, గుర్రుమన్నా, బిగుసుకొని నిలిచినా ఒక పద్దు. పోట్లాటకు ముందు అరుపు రాదండీ, మౌనం వస్తుంది. నోరు మూసుకొంటుంది, చూపు నిలుస్తుంది, తోక కర్రలాగా నిక్కుతుంది, ఒకటి రెండోదాని భుజం మీద గడ్డం ఆనిస్తుంది. ఆ నిమిషం కనిపెట్టడం వస్తే సగం పని అయినట్లే. అప్పుడు అదిలించకూడదు, వుల్లాసంగా పేరు పెట్టి పిలిచి అవతలికి తీసుకుపోవాలి.

నలభై రోజులకు 23 పద్దులు. కూడి చూసుకొంటే గేటు దగ్గర 13, వంటింటి గడప దగ్గర 6, నా నులకమంచం చుట్టూ 3, పెరట్లో 1. అసలు కరుచుకొన్నవి రెండే, రెండూ గేటు దగ్గరే. మిగతా యిల్లంతా, మిగతా దినమంతా వాటికి తగవు లేదు! రెండు ఆడకుక్కలకు పడదని యింతకాలం అనుకొన్నాం. పడనిది ఫలానా చోట, ఫలానా వేళ. ఆ చోటును బాగుచేయవచ్చు గదా.

గేటు కింది సగానికి తగరపు రేకు కొట్టించాను. వీధికుక్క కాళ్ళు కనబడకపోయేసరికి సగం వీరంగం తగ్గింది. మా అబ్బాయి మలుపులోనే బండి ఆపి తోసుకొంటూ వస్తున్నాడు. వాడు లోపలికి వచ్చాక గేటు దగ్గర ఎవరినీ ముద్దుచేయడు, తిన్నగా పెరట్లోకి నడిచి అక్కడ ఒక్కొక్కదాన్ని పిలుస్తాడు. అన్నం మూడు చోట్ల: రోజీకి వసారాలో, మణికి మెట్ల కింద, కరుప్పికి పెరట్లో, నడుమ తలుపు వేసి. తిన్న వెంటనే పళ్ళేలు ఎత్తేయడం. పెరటి పద్దు ఎముక తగవు. ఆదివారం ఆంబూరు బిర్యానీ తెచ్చుకొని ఎముకలు విసిరింది మేమే. వండిన ఎముక విరిగి గొంతులో గుచ్చుకొంటుందని ఎట్లాగూ మానవలసినదే, మానేశాం. మంచం దగ్గర పాఠం నాకు. ఒకదాన్ని నిమురుతూ వుండగా రెండోది వచ్చి నిలిచిందా, నేనే లేచి అవతలికి పోతాను. తగవుకు కారణమైన ఆస్తి నేనే గనక, ఆస్తి లేచి పోతే తగవు లేదు.

ఒక్కొక్కదానికి ఒక గోనెపట్ట కేటాయించి, "గోనె" అన్నప్పుడల్లా దాని మీదికి పోయి కూర్చోవడం నేర్పాం. వుడికిన చిలగడదుంప ముక్కలతో నేర్పాం. మణి రెండు రోజుల్లో నేర్చుకొన్నది, పిలవకపోయినా పోయి కూర్చుంటుంది. రోజీకి నెల పట్టింది.

అంత ఆలస్యమేమిటని అడిగితే పశువైద్యుడు దాని వెనకకాలు మడిచి చూశాడు. కుయ్యిమన్నది. తుంటి కీలు అరిగివుంది. కరుప్పి ఆటగా మీదికి దూకినప్పుడల్లా నొప్పి పుట్టి యిది చీదరించుకొనేది, అది తిరగబడేది. మాకు ముందు తెలిసి వుంటే యింత దూరం వచ్చేది కాదేమో. నెమ్మదైన ముసలి కుక్క హఠాత్తుగా చిరచిరలాడితే ముందు చెవి, పన్ను, కీలు, కన్ను చూపించండి. కరుప్పికి పిల్లలు పుట్టకుండా ఆపరేషను కూడా చేయించాం. దానితో తగవులన్నీ పోతాయనుకొన్నాను, పోలేదు. మగకుక్కల సంగతిలో కొంత మేలు కనబడుతుందిగాని ఆడవాటి తగవుకు అది మందని నమ్ముకోకూడదు. వీధిన పడే పిల్లలు తగ్గుతారు, అందుకు చేయించవలసినదే.

యింతలో ఘాటు కింద చేనున్న మా మిత్రుడొకాయన కరుప్పి సంగతి విని వచ్చాడు. కావలికి కావాలి, తీసుకుపోతానన్నాడు. నేను తల వూపబోతున్నాను. మా ఆవిడ వంటింటి తలుపు చాటు నుంచి అడిగింది:

"యాడ కట్టేస్తావన్నా?"

"బాయికాడ వదినా. మంచి గొలుసుంది."

"రాత్రిళ్ళు గూడానా?"

"ఆఁ. విడిస్తే మీ యింటికే వచ్చేస్తుంది గదా."

చిరుతకు గొలుసుతో కట్టిన కుక్క కన్న సులువైన తిండి లేదని ఆ కొండ కింద పిల్లవాడినడిగినా చెబుతాడు. ఆమె కాసేపు మాట్లాడలేదు. కట్టు విప్పి నాలుగు రోజులైంది, చేతి మీద మచ్చ యింకా ఎర్రగానే వున్నది. "చూస్తాంలే అన్నా. అది యిల్లు మరిగింది" అన్నది. అంతటితో ఆ మాట ముగిసింది.

అట్లాగని ఎవరూ కుక్కను యియ్యకూడదని నేననను. రెండో కుక్క లేని మంచి యిల్లు, ప్రేమగా చూసే మనిషి దొరికితే యివ్వడం తప్పు కాదు. కొన్ని జంటలకు ఎన్ని చేసినా సామరస్యం కుదరదు. పాకే బిడ్డ వున్న యింట్లో అయితే నావలె నలభై రోజులు లెడ్జరు వ్రాస్తూ కూర్చోమని చెప్పను. ఆ రోజే వేరు చేయాలి. రాత్రిపూట సంచీలో వేసి తోళ్ళ కార్ఖానా సందులో వదలిరావడం మాత్రం, దానికి మంచి మాట నా దగ్గర లేదు. మన వూళ్ళో అది జరుగుతూనే వుంది, చేసేవాళ్ళూ మనవాళ్ళే.

మా యింట్లో రెండూ స్నేహం కాలేదు. వసారాకూ పెరటికీ నడుమ వడ్రంగిచేత నడుమెత్తు పలక తలుపు పెట్టించాం. పగలు కరుప్పి పెరట్లో, రోజీ యింట్లో, సాయంత్రం తారుమారు. తెల్లవారుజామున మా అబ్బాయి ఒకదాన్నీ, నేనొకదాన్నీ తాడుతో పట్టుకొని చెరువుకట్ట మీద నడిపిస్తాం. మొదట యిరవై బారల దూరం పెట్టుకొని నడిచాం; యిప్పుడు నాలుగు బారలు. ఒకే దారిన ఒకే వైపు నడుస్తూ వుంటే వాటికి ఒకదాని మీద ఒకటికి ధ్యాస వుండదు, కట్ట మీది వాసనల మీదనే ధ్యాస. పోయిన వారం నిలిచి ఒకే తుమ్మమొద్దు వాసన చూసినవి. మా అబ్బాయీ నేనూ వూపిరి బిగబట్టుకొన్నాం. రోజీ ముందు కదిలింది.

వాన పడే రోజుల్లో చిక్కు. రెంటికీ లోపలే చోటు కావాలి. నిన్న పడిన వానకు కరుప్పిని మా ఆవిడే వంటింట్లోకి పిలిచి, తలుపు గడియ వేసి, పొయ్యి పక్కన గోనె పరిచింది. "నల్లదానా, యీడ పండుకో" అన్నది. కుడిచేత్తోనే.

యిది వ్రాస్తున్న వేళకు రోజీ నా మంచం కింద వున్నది. పలక తలుపు అవతల కరుప్పి తోక కొడుతున్న చప్పుడు వినబడుతున్నది. ఆరయింది, తావులు మార్చే వేళ. మణి అప్పుడే వచ్చి మెట్ల కింద కూర్చున్నది.